ఐరన్ మైక్ మెదడు చెప్పిన సంగతి

(బి.ఎస్సి. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రటి బంతి కళ్ళకు కడుతుంది. అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట అది కాదు. వాళ్ళ బంతి కోలగా, రెండు కొసలా మొనదేలి ఉంటుంది. పేరులో కాలు ఉన్నా ఆట చాలావరకు చేతులతోనే సాగుతుంది. పక్షానికి 11 మంది, మైదానం 100 గజాలు. బంతి దక్కిన పక్షానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో బంతిని 10 గజాలు ముందుకు జరపగలిగితే మళ్ళీ నాలుగు అవకాశాలు. జరపలేకపోతే బంతి అవతలి వాళ్ళది. మాబోటి రైతు కుటుంబాల వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది గట్టు జరుపుకునే తగాదా లాంటిది. జానెడు జానెడుగా అవతలివాడి భూమిలోకి చొరబడాలి, అవతలివాడు ఒంటితో అడ్డుపడాలి.

ఈ ఆటలో పేరంతా బంతి విసిరేవాడికీ, దాన్ని పట్టుకుని పరుగెత్తేవాడికీ వస్తుంది. వాళ్ళ ముందు వరసలో వంగి నిలబడి అడ్డుగోడగా ఉండేవాళ్ళ పేర్లు చాలామందికి గుర్తుండవు. ఆ వరసకు సరిగ్గా నడుమ ఉండేవాణ్ణి సెంటర్ అంటారు. నేను చెప్పబోయేది అటువంటి ఒక సెంటర్ గూర్చి. పేరు మైక్ వెబ్‌స్టర్. ఆటగాడిగా అతను గొప్పవాడే. కాని ఈ వ్యాసం రాయడానికి కారణం అతని ఆటకన్నా, చనిపోయాక అతని మెదడులో బయటపడిన సంగతి. సైన్సు చదువుకునే మనం తెలుసుకోదగిన కథ అది.

వెబ్‌స్టర్ 1952 లో విస్కాన్సిన్ రాష్ట్రంలో టొమహాక్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. వాళ్ళది బంగాళాదుంపలు పండించే కుటుంబం. రైతు బిడ్డ కనుక పని అలవాటు, చలి అలవాటు, ఒళ్ళు దాచుకోవడం మాత్రం అలవాటు లేదు. విస్కాన్సిన్ యూనివర్సిటీ తరఫున ఆడాడు. 1974 లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అనే వృత్తి జట్టు అతన్ని ఎంపిక చేసుకుంది. అదైనా అయిదో విడతలో, 125 వ వాడుగా. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. మనకది చాలా పొడుగే కాని, ఆ స్థానానికి చాలడన్నారు. అతను రోజూ బరువులెత్తి, తిండి పెంచి, 115 కిలోల ప్రాంతానికి ఒళ్ళు తెచ్చుకున్నాడు.

పిట్స్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. జట్టు పేరు కూడా దానివల్లనే వచ్చింది. 1970 ల చివరా 1980 లలోనూ ఆ ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడుతూ వేలమంది పని పోగొట్టుకుంటున్న రోజుల్లో, ఆ ఊరికి తల ఎత్తుకోవడానికి మిగిలింది ఈ జట్టొక్కటే అంటే అతిశయోక్తి కాదు. ఏటేటా పెద్ద పోటీని సూపర్ బౌల్ అంటారు. స్టీలర్స్ దాన్ని 1975, 1976, 1979, 1980 జనవరి నెలల్లో నాలుగుసార్లు గెలిచింది. నాలుగు జట్లలోనూ వెబ్‌స్టర్ ఉన్నాడు. గడ్డకట్టే చలిలో కూడా చొక్కా చేతులు పైకి మడిచి, కండలు కనిపించేలా బరిలోకి ఉరికేవాడు. వరుసగా 150 ఆటలు మొదటి నిమిషంనుంచే ఆడాడు. ఆ వరస 1986 లో మోచెయ్యి కీలు తప్పినప్పుడు గాని తెగలేదు. జనం అతనికి పెట్టుకున్న పేరు ‘ఐరన్ మైక్’, అంటే ఇనుప మైక్.

ఇక సెంటర్ చేసే పని ఏమిటో చెప్పాలి, మిగతా కథంతా అందులోనే ఉంది. వంగి, బంతిని నేలమీద పట్టుకుని, సైగ అందగానే కాళ్ళ మధ్యనుంచి వెనక ఉన్నవాడికి అందిస్తాడు. అందించిన మరుక్షణంలోనే ఎదురుగా మూరెడు దూరంలో ఉన్న మనిషి మీదికి లేవాలి. ఆ మనిషి కూడా తక్కువ వాడు కాదు, నూరు కిలోలు దాటినవాడు, ఇతని మీదికే దూకుతున్నవాడు. చేతులు ఇంకా బంతి దగ్గరే ఉంటాయి కనుక ముందుగా తగిలేది తలే. అవతలివాడు అరచేత్తో చెవి మీద దబ్బున చరిచే పద్ధతి కూడా ఉండేది. దాన్ని 1977 లో నిషేధించారు.

ఒక ఆటలో ఒక పక్షానికి ఇటువంటి ఎత్తులు సుమారు అరవై వస్తాయి. వెబ్‌స్టర్ పిట్స్‌బర్గ్‌లో 15 ఏళ్ళు, ఆ తర్వాత కేన్సస్ సిటీ జట్టులో రెండేళ్ళు, మొత్తం 17 ఏళ్ళు, 245 ఆటలు ఆడాడు. 245 ని 60 తో హెచ్చవేస్తే 14,700. మొదటి రెండేళ్ళు అతను పూర్తి కాలం ఆడలేదు, అందుకని తగ్గించి లెక్కగట్టినా పదివేలకు పైమాటే. అభ్యాసంలో తగిలినవి వీటిలో చేరవు. అభ్యాసంలో కూడా మనిషికి మనిషిని ఎదురు నిలబెట్టి ఢీకొట్టించడం అప్పట్లో మామూలే. కాడి మోసిన ఎద్దుకు మెడ మీద కాయ కాసినట్టు, వెబ్‌స్టర్ నుదుటి మీద చర్మం మందంగా గట్టిపడిపోయిందని అతన్ని చూసినవాళ్ళు చెప్పారు.

కేన్సస్ సిటీకి అతను 1989 లో వెళ్ళింది ముందు శిక్షకుడిగా. తీరా వెళ్ళాక మళ్ళీ చొక్కా తొడుక్కుని బరిలోకే దిగాడు. 1991 లో ఆట మానేశాడు. అప్పటికి నలభైకి దగ్గరపడ్డాడు.

అక్కడినుంచి కథ తిరగబడింది. ఎక్కడా ఒక ఉద్యోగంలో నిలవలేకపోయాడు. పెట్టిన డబ్బులు మునిగాయి. సంసారం చెదిరింది. మాట్లాడుతూ మాట్లాడుతూ విషయం మరిచిపోయేవాడు. తెలిసిన దారి తప్పేవాడు. ఉన్నట్టుండి కోపం వచ్చేది, ఆ తర్వాత రోజుల తరబడి మౌనం. ఒకప్పుడు ఊరంతా మోసిన మనిషి తన పాత ట్రక్కులో పడుకున్నాడు, పిట్స్‌బర్గ్ రైల్వేస్టేషనులో పడుకున్నాడు. ఊడిపోతున్న పళ్ళను జిగురుతో అతికించుకునేవాడు. ఒంటినొప్పులకు నిద్ర పట్టక, విద్యుత్ షాకిచ్చే పరికరంతో తన ఒంటికి షాకు కొట్టించుకుని స్పృహ తప్పితే అదే నిద్ర అనుకునేవాడు. ఆలోచన నిలవడానికి ఒక మందు కావాలి, దానికోసం దొంగ చీటీలు రాశాడని 1999 లో కేసు పెట్టారు. కోర్టు జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద విడిచిపెట్టింది. తన ఆలోచనలు చేజారిపోతున్నాయని అతనికే తెలుసు కాబోలు, పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసుకుంటూ ఉండేవాడు. మొదట్లో తీరుగా ఉన్న వాక్యాలు పోనుపోను అతుకులు లేని మాటల కుప్ప అయిపోయేవి.

1997 లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో ఉన్న ఆటగాళ్ళ గౌరవ మందిరంలో అతనికి చోటిచ్చారు. ఆ వృత్తిలో అంతకు మించిన మర్యాద లేదు. కొద్ది నిమిషాలు మాట్లాడవలసినవాడు ఇరవై నిమిషాలదాకా మాట్లాడాడు. మాట ఒకచోటునుంచి ఇంకొకచోటుకు దూకుతూ పోయింది. విన్నవాళ్ళలో చాలామందికి అది అలసటో, బెరుకో అనిపించి ఉంటుంది. అతన్ని సభకు పరిచయం చేసినవాడు పాత సహచరుడు టెర్రీ బ్రాడ్‌షా. ఏళ్ళ తరబడి వెబ్‌స్టర్ కాళ్ళ మధ్యనుంచి బంతి అందుకున్నవాడు అతనే. వేదిక మీద ఒక బంతి తెప్పించి, ఇంకొక్కసారి అందించమన్నాడు. వెబ్‌స్టర్ వంగి అందించాడు. మాట తప్పుతున్నా చెయ్యి తప్పలేదు.

వెస్ట్ వర్జీనియాలో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ అనే లాయరు అతని తరఫున నిలబడ్డాడు. నలుగురు డాక్టర్ల దగ్గర పరీక్ష చేయించి, ఆటలో తలకు తగిలిన దెబ్బలవల్ల ఇతను పనికి పనికిరాకుండా పోయాడని ఆటగాళ్ళ పెన్షను నిధికి అర్జీ పెట్టాడు. ఆ నిధిని నడిపే బోర్డులో యజమానుల ప్రతినిధులూ ఉంటారు, ఆటగాళ్ళ సంఘం ప్రతినిధులూ ఉంటారు. 1999 లో బోర్డు ఒప్పుకుంది. అవును, ఫుట్‌బాల్ దెబ్బలవల్లనే మెదడు చెడింది అని రాతపూర్వకంగా ఒప్పుకుంది. కాని ఒక మెలిక పెట్టింది. అతను పూర్తిగా చెడింది 1991 లో ఆట మానినప్పుడు కాదు, 1996 లోనట. తేదీ అలా జరిపితే ఇవ్వవలసిన సొమ్ము బాగా తగ్గిపోతుంది. మన దగ్గర తహసీలు కచేరీల్లో తేదీ ఒక్కటి మారితే నష్టపరిహారం ఎలా మాయమవుతుందో చూసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. గట్టు జరిపే ఆట మైదానం బయట కూడా నడిచింది.

తేదీ కోసం పోట్లాడుతుండగానే 2002 సెప్టెంబరు 24 న గుండెపోటుతో వెబ్‌స్టర్ మరణించాడు. వయసు 50. మరణ కారణం గుండె కనుక ఆ శవాన్ని మామూలుగా పరీక్షించి అప్పగిస్తే కథ అక్కడితో సమసిపోయేది.

ఆ శనివారం పిట్స్‌బర్గ్‌లో శవ పరీక్షల కార్యాలయంలో డ్యూటీలో ఉన్నది డాక్టర్ బెనెట్ ఒమాలు. ఆయన 1968 లో నైజీరియాలో, బయాఫ్రా యుద్ధం నడుమ పుట్టినవాడు. అక్కడ వైద్యం చదివి 1994 లో అమెరికా వచ్చి, శవ పరీక్షలోనూ మెదడు రోగ శాస్త్రంలోనూ శిక్షణ పొందాడు. అమెరికా ఫుట్‌బాల్ అంటే ఆయనకు బొత్తిగా ఆసక్తి లేదు. అది మేలే అయింది. ‘ఐరన్ మైక్’ అన్న పేరుకు తలవంచవలసిన అవసరం ఆయనకు కలగలేదు. యాభై ఏళ్ళ మనిషి ఇంతగా ఎందుకు చెడిపోయాడు, కారణం తలలో ఉండాలి కదా అనుకున్నాడు. కపాలం తెరిచి చూస్తే మెదడు పైకి మామూలుగానే ఉంది. ముడుచుకుపోలేదు, చిల్లులు లేవు. ఇంకొకరైతే అక్కడితో కుట్లు వేసేవాళ్ళు. ఆయన మెదడును ఫార్మలిన్‌లో గట్టిపరచి, పలచటి పొరలుగా కోయించి, రంగులు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ఖర్చు సొంత జేబునుంచే పెట్టుకున్నాడు. అక్కడ కనిపించాయి గోధుమవన్నె ముద్దలు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పెద్దవాళ్ళైన డాక్టర్ హామిల్టన్, డాక్టర్ డికాస్కీ కూడా స్లైడులు చూసి ఔనన్నారు.

ఆ ముద్దలేమిటో కొంచెం వివరంగా చూద్దాం. మెదడు సుమారు 1,400 గ్రాముల మెత్తటి పదార్థం. కపాలంలో ఒక ద్రవం మధ్య తేలుతూ ఉంటుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు కపాలం చటుక్కున ఆగిపోతుంది, మెదడు ఆగదు. న్యూటన్ మొదటి సూత్రం హైస్కూల్లోనే చదివాం కదా, అదే ఇది. తల ఒక పక్కకు గిరుక్కున తిరిగితే మరీ ప్రమాదం, మెదడులో ఒక పొర ఇంకొక పొరమీద జరిగి సాగుతుంది. ఎడ్లబండి మీద పెరుగు కుండ పెట్టుకుని గతుకుల దారిలో పోతే ఏమవుతుంది? కుండ పగలదు. మూత తీసి చూస్తే లోపల పెరుగు విరిగి నీళ్ళు తేలి ఉంటాయి. హెల్మెట్టు సంగతీ ఇంతే. అది కుండను కాపాడుతుంది. కపాలం పగలకుండా చూడడంలో హెల్మెట్టుకు తిరుగులేదు, లోపలి కుదుపును మాత్రం అది పూర్తిగా ఆపలేదు. పైగా తలకు రక్షణ ఉందన్న ధైర్యంతో తలనే ఆయుధంగా వాడడం ఎక్కువైంది.

నాడీకణానికి ఆక్సాన్ అనే పొడుగాటి తోక ఉంటుంది. దాని లోపల సన్నటి గొట్టాలుంటాయి. కణానికి కావలసిన సరుకంతా వాటి వెంట అటూ ఇటూ రవాణా అవుతుంది. ఆ గొట్టాలు విడిపోకుండా పట్టి ఉంచే ప్రోటీను పేరు టౌ. దీన్ని 1975 లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో కనుక్కున్నారు, వెబ్‌స్టర్ వృత్తిలోకి వచ్చిన మరుసటేడు అన్నమాట. ఆక్సాన్లు పదే పదే సాగి దెబ్బతిన్నప్పుడు టౌ అణువులకు ఫాస్ఫేటులు అతిగా అంటుకుని, అవి గొట్టాలను వదిలేస్తాయి. వదిలేసినవి ఒకదానికొకటి చుట్టుకుని చిక్కుముడులవుతాయి. గొట్టాలు కూలిపోతాయి, కణం నెమ్మదిగా చస్తుంది. ఆల్‌జీమర్స్ వ్యాధిలో కూడా టౌ చిక్కులుంటాయి. కాని ఇక్కడ అవి చేరే చోటు వేరు. మెదడు ముడతల లోతుల్లో, చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకుంటాయి. కుదుపు బలం ఎక్కువగా పడేది ఆ చోట్లలోనే అని లెక్కలు చెబుతున్నాయి. మరొక విశేషం ఏమంటే, దెబ్బలు ఆగిపోయాక కూడా ఈ వ్యాపకం ఆగదు. ఏళ్ళ తరబడి లోపల పాకుతూనే ఉంటుంది. ఆట మానేసిన వెబ్‌స్టర్ నానాటికీ దిగజారడానికి కారణం ఇదే.

ఈ జబ్బును సి.టి.ఇ. అంటారు, దీర్ఘకాలిక ఆఘాత మస్తిష్క వ్యాధి అని తెలుగు చేసుకోవచ్చు. ఒమాలు దీన్ని మొట్టమొదట కనుక్కున్నాడనీ, పేరు కూడా ఆయనే పెట్టాడనీ సినిమా చూసినవాళ్ళు చాలామంది అనుకుంటారు. అది సరికాదు. న్యూజెర్సీలో హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928 లోనే, పిడిగుద్దుల పందేలాడే బాక్సర్లు తాగినవాళ్ళలా తూలడం గూర్చి రాశాడు. 1949 నాటికే ఈ పేరు వాడుకలో ఉంది. 1973 లో ఇంగ్లండులో కోర్సెలిస్ బృందం 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్ళు కోసి చూసి ప్రచురించింది. అంటే వెబ్‌స్టర్ వృత్తిలో అడుగుపెట్టే ముందటేడే ఆ వ్యాసం గ్రంథాలయాల్లో ఉంది. ఒమాలు చేసిన గొప్ప పనేమిటంటే, ఆ జబ్బు ఫుట్‌బాల్ వృత్తి ఆటగాడిలో ఉందని స్లైడు మీద చూపించడం. నా దృష్టిలో అది తక్కువ పనేమీ కాదు.

ఆయన వ్యాసం 2005 లో ‘న్యూరోసర్జరీ’ పత్రికలో వచ్చింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1994 లో తలదెబ్బల మీద ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు కీళ్ళజబ్బుల డాక్టరు! ఆ కమిటీ 2003 నుంచి అదే పత్రికలో వరసగా వ్యాసాలు రాస్తూ, తలదెబ్బలవల్ల దీర్ఘకాలపు హాని కనిపించలేదని చెబుతూ వచ్చింది. ఒమాలు వ్యాసం రాగానే కమిటీ డాక్టర్లు ముగ్గురు, దాన్ని వెనక్కు తీసుకోవాలని పత్రికకు రాశారు. పత్రిక తీసుకోలేదు. 2006 లో ఒమాలు రెండో మెదడు గూర్చి ప్రచురించాడు. అది కూడా స్టీలర్స్ ముందు వరస ఆటగాడిదే, టెర్రీ లాంగ్ అనేవాడు 2005 లో ఆత్మహత్య చేసుకున్నాడు. గమనించవలసిన సంగతి ఒకటుంది. 1999 లోనే పెన్షను బోర్డు కాగితం మీద ఒప్పుకున్న మాటను, లీగ్ కమిటీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి కాదంటూ వచ్చింది. ఒక బల్ల మీద ఉన్న కాగితం రెండో బల్ల వాళ్ళకు కనబడలేదు.

2006 డిసెంబరులో అప్పీలు కోర్టు వెబ్‌స్టర్ వారసుల పక్షాన తీర్పు చెప్పింది. అతను 1991 లోనే పూర్తిగా చెడ్డాడని తేల్చి, పది లక్షల డాలర్లకు పైబడిన బకాయి కట్టమంది. అప్పటికి అతను పోయి నాలుగేళ్ళు దాటింది.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. 2009 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు విచారణ పెట్టింది. ఆ డిసెంబరులో లీగ్ ప్రతినిధి మొదటిసారి దీర్ఘకాల హాని ఉంటుందని పత్రికల వాళ్ళ ముందు ఒప్పుకున్నాడు. డేవ్ డ్యూర్సన్ 2011 లో, జూనియర్ సేయో 2012 లో తుపాకితో ఛాతీలో కాల్చుకున్నారు. తన మెదడును పరిశోధనకు ఇవ్వమని డ్యూర్సన్ ముందే రాసిపెట్టాడు. ఇద్దరిలోనూ జబ్బు ఉన్నట్టు తేలింది. వేలాది మాజీ ఆటగాళ్ళు వేసిన దావాలో 2013 లో 76 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, ఆ తర్వాత ఆ హద్దును కూడా తీసేశారు. అయినా అందులో ముళ్ళున్నాయి. 2006 జనవరి 1 కి ముందు చనిపోయినవారి కుటుంబాలకు అడ్డంకి పెట్టారు. నల్లజాతి ఆటగాళ్ళ తెలివి మొదటినుంచీ తక్కువేనన్నట్టు లెక్కగట్టే ఒక పద్ధతి వాడారు. అందువల్ల వాళ్ళకు నష్టం జరిగిందని రుజువు కావడమే కష్టమైంది. లీగ్ ఆటగాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే అన్నది గుర్తుంచుకోవాలి. ఆ పద్ధతికి 2021 లో గాని లీగ్ స్వస్తి చెప్పలేదు.

బోస్టన్ యూనివర్సిటీలో డాక్టర్ ఆన్ మెకీ బృందం 2008 నుంచి మెదళ్ళు సేకరిస్తోంది. 2017 లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం, పరీక్షించిన లీగ్ ఆటగాళ్ళ మెదళ్ళు 111, అందులో జబ్బు ఉన్నవి 110. 2023 నాటికి 376 లో 345. ఈ అంకెలు చూసి ఆటగాళ్ళందరికీ జబ్బే అనుకోరాదు. బ్రతికుండగా ఏదో తేడా కనబడబట్టే ఆ కుటుంబాలు మెదడును దానమిచ్చాయి. తెగులు పట్టిన పైరు మొక్కలనే ఏరి లేబొరేటరీకి పంపి, చేను మొత్తానికి అదే శాతం వేస్తే తప్పు కదా. అసలు శాతం ఎంత అన్నది తేలవలసిన ప్రశ్న. ఎన్నేళ్ళు ఆడితే ముప్పు అంత పెరుగుతుందన్నది మాత్రం బాగానే తేలింది. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే అక్కర్లేదు. ఏ లక్షణమూ చూపని చిన్న చిన్న దెబ్బలు వేలకొద్దీ చేరినా చాలు. వెబ్‌స్టర్ పదివేల ఢీలు అటువంటివే.

ఆట ఆగలేదు, ఆగే సూచనలూ లేవు. తల వంచి హెల్మెట్టుతో గుద్దడాన్ని 2018 లో తప్పుగా ప్రకటించారు. 2022 లో అభ్యాస శిబిరాల్లో ముందు వరస వాళ్ళు హెల్మెట్టు మీద మెత్తటి తొడుగు వేసుకోవాలని నియమం పెట్టారు. బ్రతికున్న మనిషిలో ఈ జబ్బును ఖాయంగా చెప్పగల పరీక్ష ఇంకా రాలేదు. టౌ ప్రోటీనును వెతికి అంటుకునే పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి స్కానింగు తీసే ప్రయత్నాలూ, రక్తంలోనే ఆనవాళ్ళు వెతికే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. అవి ఫలించేదాకా, ఏ ఆటగాడి సంగతైనా ఖాయంగా తేలాలంటే ఒమాలు పట్టిన దారి ఒక్కటే ఉంది, ఫార్మలిన్, పలచటి కోత, సూక్ష్మదర్శిని.